‘ఆకే కదా!’

మా బాబాయిది గిద్దలూరు. రిటైరైన లెక్కల మాస్టారు. నల్లమల అంచున ఉన్న ఊరు కాబట్టి ఆకూ అలమూ తెచ్చిపెట్టేవాళ్లకు కొదవ లేదు. రెండేళ్ల కిందట సంక్రాంతికి వెళ్లినప్పుడు నన్ను వసారాలో కూర్చోబెట్టి నాలుగు పచ్చి ఆకులు చేతిలో పెట్టాడు. చిన్న ఆకులు, మీద సన్నటి నూగు. “నమలరా. నాలుకంతా పట్టేదాకా నమిలి ఊసెయ్” అన్నాడు. కాస్త చేదు, కాస్త పసరు వాసన. తర్వాత పిన్ని చేత చెంచాడు పంచదార తెప్పించి నోట్లో పోసుకోమన్నాడు. పంచదార పళ్ల కింద కరకరలాడింది, కరిగింది, తీపి మాత్రం తగల్లేదు. ఏటి ఇసుక నోట్లో వేసుకున్నట్టుంది.

“చూశావా? నోట్లోనే పంచదార పీక నొక్కేసింది. లోపలికి పోతే ఏం చేస్తుందో ఆలోచించు. నేను మాత్రలు మానేసి రెండు నెలలైంది” అన్నాడు. నేను నోరు తెరవబోయేసరికి ముందే అడ్డుకున్నాడు. “ఆకే కదరా! పనిచేస్తే చేస్తుంది, లేకపోతే లేదు. హాని ఏముంది?”

ఆ ఆకు పొడపత్రి. హిందీలో గుడ్‌మార్, సంస్కృతంలో మధునాశిని. నాకు ఆ ఆకుతో పేచీ లేదు. బాబాయి ఆఖరున అన్న మాటతోనే పేచీ. ఆ మాట బాబాయి ఒక్కడిదే అయితే ఈ వ్యాసం అక్కర్లేదు. ఉదయం పార్కు గేటు దగ్గర స్టీలు క్యాను పెట్టుకుని కాకర రసం అమ్మే అబ్బాయి అదే అంటాడు. పెళ్లి పంక్తిలో పక్కన కూర్చున్న పెద్దమనిషి, జాంగ్రీ వద్దని చెయ్యి అడ్డం పెట్టి మరీ అదే అంటాడు. ఫోన్లో వీడియోలు చేసేవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2023లో వెలువరించిన లెక్క ప్రకారం దేశంలో పది కోట్ల మందికి పైగా షుగర్ ఉంది, మరో 13 కోట్ల మందికి పైగా దాని గుమ్మంలో ఉన్నారు. ఇంత సంతలో ‘ఆకే కదా’ అన్న మాటకు ఎంత గిరాకీ ఉంటుందో ఊహించుకోవచ్చు.

ముందు బాబాయి చేసిన ప్రయోగం సంగతి చూద్దాం. అది కొత్తదేం కాదు. 1847 నాటికే ఎడ్జ్‌వర్త్ అనే ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి ఈ ఆకు నమిలితే తీపి తెలియదని గమనించాడు. 1887లో ఊటీలో సర్కారు క్వినైన్ పరీక్షల ఉద్యోగంలో ఉన్న డేవిడ్ హూపర్, ఆ పని చేసే పదార్థాన్ని ఆకులోంచి వేరుచేసి జిమ్నెమిక్ ఆమ్లం అన్నాడు. నాలుక మీద తీపిని పసిగట్టే గ్రాహకాలు ఉంటాయి. ఆ ఆమ్లం అణువులు పోయి వాటికి అడ్డుపడతాయి. అరగంటకో గంటకో అవి పట్టు వదిలితే తీపి మళ్లీ తెలుస్తుంది. ఈలోగా పంచదార ఎక్కడికీ పోలేదు. కరిగింది, గొంతు దిగింది, రక్తంలో కలిసింది. నా నాలుకకు తెలియలేదు, అంతే. జలుబు చేసి వాసన తెలియనప్పుడు ఇంగువ పోపులో లేదనుకుంటామా?

అంటే పొడపత్రి రక్తంలో చక్కెరను అసలు తగ్గించదనా? అలా అనను. అదీ అబద్ధమే అవుతుంది. ‘పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదా’ అని ఎత్తిపొడిచేవాళ్ల చేతిలో ఒక గట్టి కాగితం ఉంది. దాన్ని దాచిపెట్టి వాదించడం మర్యాద కాదు.

1990లో మద్రాసు విశ్వవిద్యాలయం పరిశోధకులు రెండు పత్రాలు అచ్చువేశారు. ఒకదానిలో 22 మంది టైప్ 2 షుగర్ రోగులు. వాళ్లు మామూలుగా వేసుకునే మాత్రలకు తోడు రోజుకు 400 మిల్లీగ్రాముల పొడపత్రి సారం ఇచ్చారు, 18 నుంచి 20 నెలలు. చక్కెర తగ్గింది. చాలామందికి మాత్రల మోతాదు తగ్గించగలిగారు. ఐదుగురు మాత్రలు పూర్తిగా మానేసి సారంతోనే నెట్టుకొచ్చారు. పొడి డబ్బాల మీద, కరపత్రాల మీద ‘శాస్త్రీయంగా నిరూపితం’ అని కనిపిస్తే, తీగ లాగి చూడండి, చాలాసార్లు డొంక ఇక్కడే కదులుతుంది.

ఇప్పుడు అదే కాగితాన్ని లెక్కల మాస్టారు దిద్దినట్టు దిద్దుదాం. ఐదుగురు మానేశారు సరే, మిగతా 17 మంది? వాళ్లు మాత్రల మీదే ఉన్నారు. అందులో ఇచ్చింది పచ్చి ఆకూ కాదు, నీడన ఎండబెట్టి దంచిన పొడీ కాదు, తయారుచేసి తూచిన సారం. ఎవరికి సారం ఇచ్చారో ఎవరికి ఉత్తి మాత్ర ఇచ్చారో రోగికీ డాక్టరుకీ తెలియకుండా నడిపే కట్టుదిట్టమైన పద్ధతి అందులో లేదు. ఏడాదిన్నర పాటు డాక్టరు పర్యవేక్షణలో ఉన్న మనిషి తిండి దగ్గర జాగ్రత్తపడతాడు, నడుస్తాడు. ఆ ఫలితంలో ఆకు వాటా ఎంత, నడక వాటా ఎంత? రెండో పత్రం సంగతి ఇంకా ముఖ్యం. అది ఇన్సులిన్ మీద బతికే 27 మందిది. వాళ్లకు ఇన్సులిన్ ఇస్తూనే సారం ఇచ్చారు. ఇన్సులిన్ అవసరం తగ్గిందన్నారు. ఆపేయమని ఆ పరిశోధకులే అనలేదు. ఒంట్లో ఇన్సులిన్ తయారుకాని టైప్ 1 పిల్లవాడికి ఆకు పసరు పోసి ఇన్సులిన్ ఆపడమంటే రోజుల్లో ప్రాణం మీదికి తేవడమే. 1922కు ముందు, ఇన్సులిన్ చేతికి రాని కాలంలో, ఆ పిల్లలకు జరిగింది అదే.

ఆ పత్రాలు వచ్చి మూడున్నర దశాబ్దాలైంది. ఆ తర్వాత చిన్నాచితకా పరీక్షలు జరిగాయి, ఎలుకల మీద బోలెడు జరిగాయి. కానీ వేల మందిని ఏళ్ల తరబడి గమనించి, పొడపత్రి తిన్నవాళ్ల కళ్లు ఏమయ్యాయి, కిడ్నీలు ఏమయ్యాయి, గుండెపోట్లు తగ్గాయా అని తేల్చిన పరీక్ష లేదు. షుగర్‌కు మందు వేసుకునేది గ్లూకోమీటరులో అంకె చూసి మురిసిపోవడానికి కాదు కదా. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర విషయంలో ఆ పని చేశారు. బ్రిటన్‌లో స్థూలకాయం ఉన్న షుగర్ రోగులకు మెట్‌ఫార్మిన్ ఇచ్చి, సగటున పదేళ్లకు పైగా వెంటబడి చూసి, ఆహార నియమాలతోనే నడిచినవాళ్ల కంటే వీళ్లలో మరణాలు 36 శాతం తక్కువని 1998లో తేల్చారు. ఆకు పక్షాన అలాంటి కాగితం ఒక్కటి చూపిస్తే నేను ఈ వ్యాసం వెనక్కి తీసుకుంటాను.

మెట్‌ఫార్మిన్ పేరు ఎత్తగానే ‘అదంతా కెమికల్, ఇది ప్రకృతి’ అంటారు. సరిగ్గా ఇక్కడే కథ అడ్డం తిరుగుతుంది. ఆ కెమికల్ పుట్టిల్లు ఒక మొక్కే. గాలెగా అని ఐరోపాలో పెరిగే, ఊదారంగు పూల చిక్కుడు జాతి మొక్క. అక్కడి నాటువైద్యులు శతాబ్దాలుగా వాడారు. 1891లో అమెరికాలోని యూటాకు పశుగ్రాసం అని తీసుకెళ్లి వేశారు. మేసిన గొర్రెలు చచ్చాయి. ఇప్పుడక్కడ అది నిషిద్ధ కలుపు. ఆ గొర్రెల దగ్గర ఎవరూ ‘ఆకే కదా’ అనలేదు. ఆ మొక్కలోని గాలెజీన్ రక్తంలో చక్కెరను దించుతుందని తెలిసి 1920ల్లో మనుషులకూ ఇచ్చి చూశారు. చక్కెర దిగింది, విషమూ తలకెక్కింది, వదిలేశారు. దాని దాయాది మెట్‌ఫార్మిన్‌ను 1922లో డబ్లిన్‌లో తయారుచేసినా దాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు. 1957లో పారిస్ డాక్టరు జాన్ స్టెర్న్ షుగర్ రోగులకు ఇచ్చి ఫలితాలు అచ్చువేశాక అది మందుగా నిలబడింది. అమెరికా మరీ అనుమానపు మనిషి, 1995 దాకా బజారులోకి రానివ్వలేదు. ఆకులోని మేలును ఆకులోని విషం నుంచి విడదీయడానికి అన్నేళ్లు పట్టింది. మనవాళ్లు ఆ చాకిరీ అంతా దాటేసి, రోలు దగ్గర కూర్చుని పొడి దంచి, ‘సైడ్ ఎఫెక్ట్స్ లేవు’ అని డబ్బా మీద అంటిస్తున్నారు.

కంపెనీలు ఆకుల రహస్యం తొక్కిపెడుతున్నాయన్న వాదానికీ ఇందులోనే జవాబుంది. ఆకులో నిజంగా సరుకుంటే కంపెనీ దాన్ని తొక్కిపెట్టదు, ఎగరేసుకుపోతుంది. షుగర్‌కు ఈ మధ్య డాక్టర్లు రాస్తున్న ‘గ్లిఫ్లోజిన్’ మాత్రలకు మూలం కూడా ఆపిల్ చెట్టు బెరడులో 1835లో దొరికిన పదార్థమే.

అసలు ‘హాని లేదు’ అన్న మాటలోనే ఒక తిరకాసు ఉంది. రక్తంలో చక్కెరను దించే శక్తి దేనికైనా ఉంటే, అవసరానికి మించి దించే శక్తీ దానికి ఉంటుంది. పొద్దున చక్కెర దించే గ్లిమెపిరైడ్ మాత్ర వేసుకుని, దానికి తోడు రెండు చెంచాల పొడి కలుపుకుని తాగి, టిఫిను ఆలస్యమైతే, చెమటలు పట్టి కాళ్లు వణికేది ఆ శక్తి వల్లే. ఆకు నిజంగా పనిచేసిన రోజే ఆ ప్రమాదం. ఏ హానీ చేయలేదంటే అది పనీ చేయలేదని అనుమానించాలి. ఈ రెంటిలో ఒకటి ఎంచుకోమంటే ఆకు భక్తులు రెండూ కావాలంటారు: సింహం బలమూ ఉండాలి, కుందేలు స్వభావమూ ఉండాలి.

మరి ఇంగ్లీషు మందు కిడ్నీలు పాడుచేస్తుందన్న భయం మాటేమిటి? మాత్రలు మానేసినవాళ్లలో పదిమందిని అడగండి, తొమ్మిదిమంది కారణం అదే చెబుతారు. జరిగేది ఇది. ఏళ్ల తరబడి చక్కెర అదుపులో లేక కిడ్నీలు దెబ్బతింటాయి. కిడ్నీ వడపోత బాగా పడిపోయాక మెట్‌ఫార్మిన్ ఒంట్లో పేరుకుపోతుందని డాక్టరు దాన్ని ఆపుతాడు. ఇంట్లోవాళ్లు ఆ ఇంటికీ ఈ ఇంటికీ చెప్పేటప్పుడు వరస తారుమారవుతుంది: ‘ఆ మాత్ర వల్లే కిడ్నీ పోయిందట, డాక్టరే ఆపేశాడు’. పాపం మెట్‌ఫార్మిన్. దానికి దోషాలు లేవని కాదు. కొందరికి కడుపు తిప్పుతుంది, విరేచనాలవుతాయి, ఏళ్ల తరబడి వాడితే బీ12 తగ్గవచ్చు. ఇవన్నీ పెట్టెలో మడతపెట్టిన కాగితం మీద చీమల్లాంటి అక్షరాల్లో ఉంటాయి. ఆ కాగితం చూసి భయపడతాం. పొడి డబ్బాలో కాగితమే ఉండదు కాబట్టి ధైర్యంగా ఉంటాం. పొడపత్రి తిన్న ఒక రోగికి కాలేయం దెబ్బతిన్న వైనం 2010లో వైద్య పత్రికకెక్కింది. ఒక్క కేసుతో ఆకును ఉరితీయమనను. కానీ మన ఊళ్లలో పొడి తిని కళ్లు పచ్చబడినవాళ్ల లెక్క ఎవరు రాశారు? ‘కామెర్లొచ్చాయి’ అని ఇంకో ఆకు పసరు పోసి ఉంటారు.

ఇంతకీ డబ్బాలో ఉన్నది ఏ ఆకు? తిప్పతీగ గొడవ గుర్తుందా? కరోనా రోజుల్లో ఊరంతా తిప్పతీగ కషాయం తాగింది. 2021లో ముంబయి డాక్టర్లు అది తాగి కాలేయం దెబ్బతిన్న ఆరుగురి గురించి రాశారు. ఆయుష్ శాఖ అభ్యంతరం చెప్పింది. ఆ రోగులు తాగింది అసలు తిప్పతీగో, దాని పోలికే ఉన్న మరో తీగో ఎలా తెలుసు అని అడిగింది. మంచి ప్రశ్నే. కానీ అది డాక్టర్ల కంటే అమ్మేవాళ్లను అడగాల్సిన ప్రశ్న. పెరట్లో పెరిగిన తీగ విషయంలోనే పోలిక తప్పుతుందని ప్రభుత్వమే ఒప్పుకున్నాక, దంచి, జల్లించి, ఆకుపచ్చగా తప్ప మరో ఆనవాలు మిగలని పొడిలో ఏముందో మా బాబాయి ఎలా చెప్పగలడు? బోస్టన్‌లోని దుకాణాల్లో మన ఆయుర్వేద మందులు 70 రకాలు కొని పరీక్షిస్తే, వాటిలో 14 రకాల్లో సీసమో పాదరసమో ఆర్సెనిక్కో బయటపడిందని 2004లో రాశారు. ఇంకో మోసం ఉంది, అది అసలైన హాస్యం. ‘మూలికా పొడి’ అని అమ్మినవాటిలో గ్లిబెన్‌క్లమైడ్ అనే ఇంగ్లీషు మాత్ర పొడి కలిసి ఉండగా చాలా దేశాల్లో పట్టుకున్నారు. మాత్ర అంటే పడక పారిపోయిన మనిషి, అదే మాత్రను మోతాదు తెలియకుండా, పదింతలు ధర పెట్టి కొనుక్కుని, ‘చూశావా ఆకు మహిమ!’ అంటుంటాడు.

ఆకుల్లో ‘ఇన్సులిన్ మొక్క’ ఇంకో వింత. హైదరాబాదు బాల్కనీల్లో, విజయవాడ డాబాల మీద కుండీల్లో మెలికలు తిరిగిన కాడతో పెరుగుతుంటుంది, రోజుకో ఆకు తుంపుకుని నములుతుంటారు. దాని స్వస్థలం బ్రెజిల్. అందులో ఇన్సులిన్ లేదు. ఉన్నా లాభం లేదు. ఇన్సులిన్ ప్రొటీను, నోట్లోంచి వెళ్తే పప్పు అరిగినట్టు అరిగిపోతుంది. అందుకే సూది. పేరులో ఇన్సులిన్ ఉన్నందుకు ఒంట్లోకి ఇన్సులిన్ వచ్చేస్తే, లక్ష్మి అని పేరు పెట్టిన ప్రతి ఇంట్లో ఇనప్పెట్టె నిండాలి.

పూర్వీకుల పేరు చెప్పేవాళ్లకు నాదో చిన్న విన్నపం: వాళ్లు రాసింది చదవండి. మధుమేహాన్ని వాళ్లు వాతం వల్ల పుట్టిన ప్రమేహాల్లో చేర్చి, అది అసాధ్యం, అంటే నయం కానిది, అన్నారు. ‘నలభై రోజుల్లో మాయం’ అన్నది చరకుడు కాదు, కరపత్రం. సుశ్రుతుడు పేద రోగికి చెప్పిన చికిత్స ఇంకా ముచ్చటైనది. చెప్పులు లేకుండా వంద ఆమడలకు తక్కువ కాకుండా నడవమన్నాడు, ఆవుల వెంట తిరగమన్నాడు, బావి తవ్వమన్నాడు. మనం ఆ మహానుభావుడి ఫొటో డబ్బా మీద వేసుకున్నాం, బావి సంగతి మరిచిపోయాం.

ఆ బావిలోనే, అంటే ఒళ్లు తగ్గించడంలోనే, అసలు విషయం ఉంది. 2017లో బ్రిటన్‌లోనే ఒక పరీక్ష చేశారు. షుగర్ వచ్చి ఆరేళ్లు దాటనివాళ్లను తీసుకుని గట్టి పత్యంతో బరువు తగ్గించారు. ఏడాది తిరిగేసరికి 46 శాతం మందికి మందులేవీ లేకుండానే చక్కెర షుగర్ వ్యాధి గీత కిందికి దిగింది. ఏ ఆకూ వేయలేదు. మన దగ్గర పొడి మొదలుపెట్టినవాళ్లు దానితో పాటే రాత్రి అన్నం మానేస్తారు, కాఫీలో పంచదార మానేస్తారు, తెల్లారుజామున నడుస్తారు. పత్యం లేకుండా పొడి పనిచేయదని అమ్మేవాడే చెబుతాడు. చక్కెర తగ్గితే పేరు పొడికి, తగ్గకపోతే తప్పు పత్యానికి. ఇంత సుఖమైన వ్యాపారం నాకు తెలిసి ఇంకోటి లేదు.

మన వంటింటి దినుసును ఎలా పరీక్షించాలో తెలియని దేశమా మనది? హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ మెంతుల మీద చేసిన పని చూడండి. 1990లో అచ్చయిన పరిశోధనలో షుగర్ రోగులకు నూనె తీసిన మెంతిపొడి రోజుకు 100 గ్రాములు, రెండు పూటల భోజనంలో కలిపి పెట్టారు, పది రోజులు. చక్కెర తగ్గింది. మెంతుల్లో జిగురుగా తేలే పీచు, తిన్నది రక్తంలోకి చేరడాన్ని నెమ్మది చేస్తుంది. ఎంత పెట్టారో, ఎన్నాళ్లు పెట్టారో, ఎవరికి పెట్టారో రాసి ఉంది. కాబట్టి ‘రాత్రి అర చెంచా మెంతులు నానబెట్టి తాగుతున్నా’ అనే మనిషికి ఆ అర చెంచాకూ ఆ 100 గ్రాములకూ ఉన్న దూరం చూపించవచ్చు. పొడపత్రికి కావలసింది ఈ గౌరవం. ఏ ఆకు, ఎంత, ఎన్నాళ్లు, ఎవరికి, ఏ మందుతో కలిపి. ఇవేమీ అడగకుండా ‘ఆకే కదా’ అని గుప్పెడు నోట్లో వేసుకోవడం ఆకును మందుల వరసలోంచి కరివేపాకు వరసలోకి దించడం. ఆ ఆకును నిజంగా చిన్నచూపు చూసేది దాని భక్తులే.

షుగర్ నయం చేస్తామని ప్రకటన ఇవ్వడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద నేరం. మధుమేహం పేరు ఆ చట్టం షెడ్యూలులోనే ఉంది. మొదటి తప్పుకు ఆరు నెలల దాకా జైలు. ఈ వాక్యం రాసి బయటికి వెళితే మా వీధి చివర కరెంటు స్తంభానికి ‘షుగర్‌కు శాశ్వత పరిష్కారం’ అనే రేకు వేలాడుతోంది, కింద సెల్ నంబరు.

బాబాయి సంగతి చెప్పలేదు కదూ. మాత్రలు మానకముందు హెచ్‌బీఏ1సీ, అంటే మూడు నెలల చక్కెర సగటు చెప్పే అంకె, 7.2 ఉండేది. మానేసిన ఐదో నెలలో చెప్పు కరిచిన కాలి వేలు మానకపోతే పరీక్ష చేయించారు, 10.6. వేలు దక్కింది, అది అదృష్టం. ఇప్పుడు సర్కారు ఆసుపత్రిలో ఉచితంగా ఇచ్చే మాత్రలు వేసుకుంటున్నాడు. పొడపత్రి మానలేదు. భోజనమయ్యాక రెండు ఆకులు నములుతాడు. “దీని పని నాలుక దాకానేరా. పిన్ని చేసే బొబ్బట్ల మీదికి మనసు పోకుండా కాస్తుంది” అంటాడు. ఆకు తింటున్న సంగతి డాక్టరుకు చెప్పావా అని అడిగాను. చెప్పాడట. ఆయన చీటీలో రాసుకున్నాడట.

మీరు తింటున్నదీ చెప్పండి. వచ్చేసారి వెళ్లినప్పుడు ఆ డబ్బా కూడా సంచిలో వేసుకెళ్లండి. ఈలోగా మాత్ర మాత్రం ఆపకండి.